ఇద్దరి కొలతలకు ఒకే కోటు

మా బావ నోటికి రాని మాట ఒకటుంది. అది "కుదరదు". మిగతా భాషంతా వచ్చు గాని, దానితో ఆయనకు పెద్దగా పని పడలేదు. "అలాగే" అన్న ఒక్క మాట పెట్టుకుని యాభై ఏళ్ళు నెట్టుకొచ్చేశాడు.

మంగలి షాపులో "ఇంకాస్త తగ్గించమంటారా?" అని అడిగితే అలాగే అంటాడు. అతను అడగడం మానేదాకా ఈయన అంటూనే ఉంటాడు. ఒకసారి అలా నున్నటి గుండుతో ఇంటికొస్తే, తలుపు తీసిన మా అక్క "ఎవరు కావాలండీ?" అని అడిగింది.

అక్క ఆయన్ను చేసుకున్నదీ ఆ మాట చూసే. పెళ్ళికి ముందు ఇద్దరూ మాట్లాడుకున్నప్పుడు "పెళ్ళయ్యాక కూడా నేను మిల్లులో పని మానను" అందట. "అలాగే" అన్నాడట బావ. "ఆ అలాగే నాకెంత నచ్చిందో! ఊరందరికీ అదే చెప్తారని అప్పుడు తెలీదు" అని అక్క ఇప్పటికీ అంటుంది.

బావ కోట్ల టైలరు. మందుల షాపుకీ గడియారాల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా షాపు. రెండు మిషన్లు, పొడుగాటి కత్తిరింపు బల్ల, కోట్లు తొడిగే ఒక చెక్కబొమ్మ, వెనకాల ముదురాకుపచ్చ తెర, తెర వెనక కింది అంచు పగిలిన నిలువుటద్దం. పార్లమెంటు భవనం రెండు వీధుల అవతలే కనక, కోటు అవసరం ఉన్న పెద్దమనుషులు నడిచే వచ్చేస్తుంటారు. కత్తిరింపు, కుట్టు బావ శాఖ. ఇస్త్రీ, కాజాలు, గుండీలు నా శాఖ. మాటలు కూడా నా శాఖే అని నేనే ప్రకటించుకున్నాను. బావ అలాగే అన్నాడు.

మా షాపులో ఒక పద్ధతుంది. కోటు నడుం దగ్గర లోపలివైపు బట్టను కాస్త ఎక్కువగా మడిచి వదిలేస్తాం. ఎందుకంటే పదవి వచ్చిన మనిషి ఏడాది తిరిగేసరికి ఒళ్ళు చేసి, గుండీలు పట్టక మళ్ళీ మా దగ్గరికే వస్తాడు. అప్పుడా మడత విప్పి వదులు చేస్తాం. దాన్ని మేము పదవి మడత అంటాం. మామూలు సభ్యుడికి రెండు వేళ్ళ మడత, మంత్రి కాగలడని అనుమానం ఉన్నవాడికి నాలుగు వేళ్ళు. తనకెన్ని వేళ్ళు వదిలారో చూద్దామని లైనింగు కింద వేలు పెట్టి తడుముకున్నవాళ్ళూ లేకపోలేదు.

ఇక బట్ట సంగతి. మా అక్క ఉన్ని బట్టల మిల్లులో తనిఖీ బల్ల దగ్గర పనిచేసేది. వెలుగుతున్న అద్దం మీద బట్ట పరిచి, పోగు తెగిన చోట సుద్దతో గుర్తు పెట్టడం ఆమె పని. ఇతరులు నేసిన బట్టలో తప్పులు వెతుకుతూనే ఆమె కళ్ళకు జోడు వచ్చింది. తర్వాత మిల్లు మూసేశారు. చివరి రోజున, ఆఖరి తానులోంచి తలా ఒక ముక్క కోసుకుపొమ్మన్నారు. అక్క తెచ్చుకున్నది ముదురు నీలం ఉన్ని. పొద్దు గుంకాక చీకటి పడేలోగా ఆకాశానికి కాసేపు ఒక రంగు ఉంటుందే, అది. "ఈ బట్టలో ఒక్క తప్పు లేదు. ఆ మాట చెప్పగలిగేది నేనొక్కదాన్నే" అంది అక్క, బావ చేతిలో పెడుతూ. "దీంతో నాకో కోటు కుట్టండి."

"అలాగే" అన్నాడు బావ.

ఆ బట్టా, ఆ అలాగే కలిసి మూడు చలికాలాలు బీరువా మీద కూర్చున్నాయి. టైలరు పెళ్ళాం పాత శాలువా కప్పుకునే తిరిగింది.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. అన్ని పార్టీలవాళ్ళూ షాపు మెట్లెక్కి ఓటడిగారు. బావ అందరికీ అలాగే అన్నాడు. ఎవరికి వేశావని నేను అడిగితే నసిగాడు. తీరా ఫలితాలొచ్చాక చూస్తే, దేశం నిండా మా బావలే ఉన్నట్టు తేలింది. ఎవరికీ సగం సీట్లు రాలేదు.

ఓట్లు లెక్కపెట్టే రోజున వీధిలో పిట్ట లేదు. అందరూ టీవీలకు అతుక్కుపోయారు. బేరాలెలాగూ ఉండవు కదా అని, బావ ఆ పొద్దున బట్టను చంకలో పెట్టుకుని షాపుకొచ్చాడు. బల్లమీద పరిచాడు. అక్క కొలతలకు టేపు అక్కర్లేదు, ఇన్నేళ్ళుగా చూస్తున్న భుజాలే. సుద్దతో గీతలు గీశాడు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. అదిగో, అప్పుడు తలుపు గంట మోగింది.

వచ్చింది పొడుగాయన. ఎక్కువ సీట్లు వచ్చిన పార్టీకి నాయకుడు. ఏ గుమ్మం దగ్గరైనా తల వంచక తప్పని మనిషి, ఆ వంచడం చూసి జనం వినయమనుకుంటారు.

"మాస్టారూ, ప్రమాణస్వీకారానికి కోటు కావాలి."

"గెలిచేశారా అండీ?" అన్నాను నేను.

"గెలిచినట్టే. ఓ నలుగురు ఇటొస్తే చాలు." బల్లమీది బట్టను వేళ్ళతో నలిపి చూశాడు. "అబ్బ! ఇదేం బట్ట? ఇదే కావాలి నాకు."

బావ నావైపు చూశాడు. నేను ఇస్త్రీపెట్టె వైపు చూశాను.

"అది... అంటే... అది మా..."

"ఏం, నాకు బాగోదా?"

"అయ్యో, ఎందుకు బాగోదండీ."

"మరింకేం, కుట్టెయ్యండి. ఎవరికీ చెప్పకండి."

"అలాగే" అన్నాడు బావ.

మర్నాడు బొద్దాయన వచ్చాడు. రెండో పెద్ద పార్టీ ఆయనది. మనిషి పొట్టి, నవ్వు పొడుగు, ఛాతీ కొలవాలంటే మా టేపుకు ఇంకో టేపు తోడు కావాలి. "పొడుగాయనకు బలం లేదు. నాకున్నట్టే. ఓ పదిమంది ఇటొస్తే చాలు" అంటూనే ఆయన చెయ్యి కూడా సరిగ్గా అదే బట్టమీద పడింది. "ఎంత బావుంది! ఇది నాకు. మాట బయటికి పోకూడదు."

"అలాగే" అన్నాడు బావ.

ఆయన వెళ్ళాక నేను తలుపు గడియ వేశాను. "బావా, ఆ బట్టలో ఎన్ని కోట్లొస్తాయి?"

"ఒకటి."

"ఎంతమందికి మాటిచ్చావు?"

"ఇద్దరికి."

"అక్కను వదిలేశావు."

బావ సుద్దముక్కను జేబులో వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుని, "ముగ్గురికి" అన్నాడు.

ఇంకొకరైతే ఇద్దరికీ కబురు పంపి క్షమించమని అడిగేవాళ్ళు. మా బావ బుర్ర అటు పోలేదు. "చూడు బావమరిదీ, ప్రధాని అయ్యేది ఒక్కడేగా? పొడుగు పొడుగాయన పొడుక్కి పెడతా. వెడల్పు బొద్దాయన వెడల్పుకి. కచ్చాకుట్టు మీద ఉంచుతా. ఎవరికి బలం తేలితే వాళ్ళ ఒంటికి తగ్గించేస్తా."

కచ్చాకుట్టంటే తెల్లదారంతో దూరం దూరంగా వేసే కుట్లు. లాగితే ఊడిపోతాయి. ఆ రోజుల్లో దేశంలో ప్రతి పొత్తూ అలాంటి దారం మీదే ఉంది కనక, పథకం నాకూ సబబుగానే తోచింది.

"మరి అక్కకి?"

"ఇంకెక్కడైనా ఇలాంటి తాను దొరక్కపోతుందా" అన్నాడు. దొరకదని తెలుసు కనక గొంతు బల్ల కిందికి దిగింది.

అలా ఆ కోటు తయారైంది. బొమ్మకు తొడిగితే భుజాలు జారిపోతుంటే, లోపల రెండు దిళ్ళు కుక్కాం. మధ్యాహ్నం అక్క భోజనం డబ్బాతో వచ్చి, కోటు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. జోడు సర్దుకుంది. దగ్గరికెళ్ళి కోటు చేతిని తిప్పి చూసింది. తన బట్ట ఆమెకు తెలీకుండా ఎలా ఉంటుంది?

"ఇది నాకేనా?"

బావ మెడలోని టేపు తీసి వేళ్ళకు చుట్టుకున్నాడు. "నీదే... అంటే... ముందు దేశం..."

"దేశానికి ఇంత నడుముందా?"

"పెద్దవాళ్ళు నోరు తెరిచి అడిగితే ఎలా కాదంటాను? నువ్వంటే ఇంట్లో మనిషివి, సర్దుకుంటావని..."

అక్క డబ్బా బల్లమీద పెట్టింది. తర్వాత చాలా మెత్తగా, "అలాగే" అంది.

అరిచినా బాగుండేది. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో అక్క నోటివెంట అదొక్కటే మాట. "కాస్త టీ పెడతావా?" "అలాగే." టీ రాదు. "నా చొక్కా గుండీ ఊడింది." "అలాగే." గుండీ ఊడే ఉంటుంది. తాను అమ్మే సరుకు తనకే అమ్ముతుంటే ఎలా ఉంటుందో బావకు మొదటిసారి తెలిసింది. పక్కగదిలో ఉండే వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి మొరపెట్టుకున్నాడు. మా అత్తయ్య కొడుకుని పైనుంచి కిందికి చూసి, "చిన్నప్పటినుంచీ నువ్వు నాకు చెప్పింది అదేగా నాయనా. ఇన్నేళ్ళలో బావిగిలక బాగుచేశావా?" అంది.

ఇటు ప్రభుత్వం ఏర్పడటం లేదు, అటు ఇంట్లో పొయ్యి రాజుకోవడం లేదు. ఇలా ఉండగా పొడుగాయన ట్రయలుకి వచ్చాడు.

అప్పటికే షాపులో బెంచీ మీద ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాడు కనక వీధిలో అందరూ లెక్కలాయన అంటారు. ఓ చిన్న పార్టీకి నాయకుడు. ఆ పార్టీ సభ్యులంతా కలిసి మా బెంచీ మీద, కాస్త ఇరుగ్గా, పట్టేస్తారు. ఆయనొక్కడే కూర్చున్నా బెంచీ సగం నిండేది లెండి. ఎత్తూ ఉంది, వెడల్పూ ఉంది. ఆయనకున్నది ఒకటే నల్లకోటు, దానికి రెండు మోచేతులూ అరిగిపోయాయి. ఎడమది కుట్టి, కుడిది మొదలుపెట్టబోతూ కోటును మిషను మీద ఉంచాడు బావ. అందుకని ఆయన చొక్కాతో పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. పొడుగాయన హడావుడిలో ఆయన్ను చూడనే లేదు. నేరుగా తెర వెనక్కి వెళ్ళి నీలం కోటు తొడుక్కున్నాడు.

గంట మోగింది. బొద్దాయన.

"మాస్టారూ, నా కోటు ట్రయలుకి సిద్ధమేనా?"

బావ నోరు తెరిచాడు. ఏ మాటైనా రావచ్చు. వచ్చింది మాత్రం, "అలాగే."

నేను ఇస్త్రీపెట్టె మీద నీళ్ళు చల్లి బుస్సుమనిపించి దగ్గాను, తుమ్మాను, "లోపల తడిగా ఉందండీ" అన్నాను. ఆయన ఆగితేనా! చరచరా వెళ్ళి తెర లాగేశాడు.

ఇద్దరూ ఎదురెదురు. పొడుగాయన అద్దం ముందు, చేతులు చాచి, తనలాంటివాళ్ళు ఇద్దరు పట్టే కోటులో నిలబడి ఉన్నాడు.

"మీరా!"

"మీరా!"

బొద్దాయన కోటు నడుం పట్టుకుని చూశాడు. "ఈ నడుం నాదిలా ఉందే."

"చేతులు నావి" అన్నాడు పొడుగాయన.

ఇద్దరూ బావ వైపు తిరిగారు. అప్పుడు కనిపించాడు వాళ్ళకు బెంచీ మీద లెక్కలాయన. ఆయన మర్యాదగా పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, "నేనేమీ చూడలేదండీ. నా కోటు కోసం వచ్చాను" అన్నాడు.

పొడుగాయన కోటు విప్పి నా మీద పడేశాడు. ఇద్దరూ ఒక్కసారే బయటపడబోయి ఇరుకు గుమ్మంలో భుజం భుజం కలుపుకుని ఇరుక్కున్నారు. సరిగ్గా అప్పుడే పక్క షాపులో దగ్గుమందు కొంటున్న ఒక విలేఖరి తల తిప్పి చూశాడు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీ: దర్జీ షాపులో రహస్య మంతనాలు. కింద గుమ్మంలో ఇరుక్కున్న ఇద్దరి ఫోటో. ఆలింగనం లాగే ఉంది. ఇక చూసుకోండి! ఎవరినడిగి చేతులు కలిపారని రెండు పార్టీల్లోనూ నాయకుడి మీద సొంతవాళ్ళే విరుచుకుపడ్డారు. ఇటు రావాల్సిన నలుగురూ, అటు రావాల్సిన పదిమందీ ఎటూ రాకుండా ఇంట్లో తలుపులేసుకున్నారు. పాపం, నిజం చెబుదామంటే చెప్పుకునేలా లేదు. కుట్ర అంటే కనీసం ఒక హోదా ఉంది. బలం తేలకుండానే కోటుకు కొలతలిచ్చామని ఏ మొహం పెట్టుకుని చెప్తారు? ఇద్దరూ నోరు మెదపలేదు.

చివరికి బొద్దాయన పార్టీవాళ్ళు కూర్చుని, మనకు రాకపోయినా ఫరవాలేదు, పొడుగాయనకు మాత్రం రాకూడదని తీర్మానించుకున్నారు. ఇద్దరితోనూ తగువు లేనివాడెవరని వెతికితే లెక్కలాయన దొరికాడు. ఆయన ప్రభుత్వం ఏర్పాటు చేస్తాడు, వీళ్ళు మంత్రి పదవులు పుచ్చుకోకుండా బయటినుంచి మద్దతిస్తారు.

"బయటినుంచి మద్దతంటే ఏమిట్రా?" అని అత్తయ్య నన్నడిగింది.

"ఇంట్లోకి రారు అత్తయ్యా. గుమ్మంలో నిలబడి, కూరలో ఉప్పెక్కువైందంటూ ఉంటారు."

"అంటే నాలాగే" అంది అత్తయ్య, తృప్తిగా.

సాయంత్రం ప్రమాణస్వీకారం అనగా, ఆ పొద్దున లెక్కలాయన షాపుకొచ్చాడు, పాత కోటు తీసుకుపోదామని. వెంట కొత్తగా కుదిరిన కార్యదర్శి. బిరుసు కాలరు, అంతకంటే బిరుసు మెడ. అతని కళ్ళు బొమ్మ మీది నీలం కోటు మీద పడ్డాయి.

"సార్! ఇదేదో మీ కోసమే ఉన్నట్టుంది. ఒక్కసారి వేసుకోండి సార్."

లెక్కలాయన వద్దంటూనే చేతులు దూర్చాడు. అబ్బ, ఏం చెప్పను! పొడుగాయన ఎత్తూ, బొద్దాయన చుట్టుకొలతా ఒక్క మనిషిలో కలిసి నడిచొచ్చినట్టుంది. భుజాలు అతికినట్టు కూర్చున్నాయి. తెల్ల కుట్లు అక్కడక్కడా కనిపిస్తున్నా, పగిలిన అద్దంలో కూడా ఆయన నిండుగా, నిజంగా ప్రధానిలా ఉన్నాడు. బావ రెండడుగులు వెనక్కేసి తల వాల్చి చూశాడు. ఇన్నేళ్ళలో ఎందరో మంత్రులకు కుట్టాడు గాని, మా షాపు కోటు ఆ మెట్టు ఎక్కింది లేదు.

"ఇదే ఖాయం. సాయంత్రంలోగా పక్కా కుట్టు వేసి పంపించండి" అన్నాడు కార్యదర్శి.

ఆ క్షణాన గంట మోగింది. భోజనం డబ్బాతో అక్క. ఎవరి ఒంటి మీద ఏముందో చూసింది. పాత శాలువా భుజం మీదికి లాక్కుని గుమ్మంలో నిలబడింది.

అందరం బావ కోసం చూస్తున్నాం. ఏమంటాడో నాకు తెలుసు కనక, నా పెదాలే ముందు ఆ మాటకు సిద్ధమైపోయాయి. బావ సుద్దచేత్తో నుదురు తుడుచుకున్నాడు, అడ్డంగా తెల్లచార పడింది. ఒకసారి కార్యదర్శిని చూశాడు. ఒకసారి శాలువా చూశాడు.

"కుదరదండీ" అన్నాడు.

ఆ గొంతు విని, ఇంకెవరో వచ్చారనుకుని నేను వెనక్కి తిరిగి చూశాను.

"ఏమిటి కుదరదు?" అన్నాడు కార్యదర్శి.

"కోటివ్వడం. ఇది మా ఆవిడది."

కార్యదర్శి కోటును చూశాడు, అక్కను చూశాడు, మళ్ళీ కోటును చూశాడు. "ఈవిడదా? ఇదా?"

"నాదేనండీ" అంది అక్క. "కాస్త వదులు."

ముందు నవ్వింది లెక్కలాయనే. కోటు జాగ్రత్తగా విప్పి, తనే బొమ్మకు తొడిగాడు. "మాస్టారూ, నాలుగు రోజులుగా నేను ఎవర్ని కదిలించినా అలాగే అంటున్నారు. ఎవరి అలాగే ఎన్నాళ్ళుంటుందో ఎంత కూడినా లెక్క తేలట్లేదు. మీ కుదరదు మాత్రం గట్టిగా ఉంది. నా పాతది ఇప్పించండి."

పాతది చూస్తే, ఇన్ని గొడవల్లో కుడి మోచెయ్యి సంగతే మరిచిపోయాం. చిరుగులోంచి లైనింగు బయటికి చూస్తోంది. అతుకు వేయడానికి నల్లముక్క కోసం బావ డబ్బాలన్నీ బోర్లించాడు. ఉన్నవన్నీ పలచటివి. అప్పుడు అక్క బల్ల కిందికి వంగి, కత్తిరింపులో రాలిన నీలం ముక్కొకటి ఏరి, వెలుతురుకు పట్టి చూసి, బావ చేతికిచ్చింది.

"ఇది వెయ్యండి. దీంట్లో తప్పు లేదు."

బావతో ఆమె అలాగే కాకుండా వేరే మాట మాట్లాడటం అన్నాళ్ళ తర్వాత అదే మొదటిసారి. బావకు సూది కన్నం కనిపించలేదు. దారం నేనెక్కించాను.

సాయంత్రం అందరం టీవీ ముందు కూర్చున్నాం. లెక్కలాయన వేదికెక్కాడు. ప్రమాణం చేయడానికి కుడిచెయ్యి పైకెత్తాడు. దేశమంతా ఆయన మొహం చూస్తుంటే మేము మోచెయ్యి చూశాం. నల్లకోటు మీద నీలం అతుకు, నా ఇస్త్రీ పుణ్యమా అని నిగనిగలాడుతూ, కెమెరాకు ఎదురుగా.

"మన మోచెయ్యే!" అని అత్తయ్య చప్పట్లు కొట్టింది. బావ సిగ్గుతో నేలచూపులు చూశాడు. అక్క లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది, అందరికీ. బావ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని కాసేపు తాగకుండా చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు బావను పట్టలేకపోయాం. కొత్తగా వచ్చిన మాట కదా, ఎవరు కనబడితే వాళ్ళమీద ప్రయోగించాడు. పాలవాడికి కుదరదు. గడియారాల షాపాయన టైమెంతైందంటే కుదరదు. అత్తయ్య బావిగిలక అడిగితే కుదరదన్నాడు గాని, ఆవిడ ఒక చూపు చూసేసరికి అది అలాగే అయిపోయి, ఇన్నాళ్ళకు గిలక బాగుపడింది. మూడో రోజున మంగలి షాపుకెళ్ళి మళ్ళీ గుండుతో వచ్చాడు.

కానీ నీలం కోటు కుట్లు మాత్రం విప్పాడు. ఇద్దరు నాయకుల బట్టను విడదీసి అక్క భుజాలకు కత్తిరించాడు. అక్క తొడుక్కుని ఆకుపచ్చ తెర వెనక చాలాసేపు ఉంది. బయటికొచ్చి, "సరిగ్గా ఉంది" అని, చేతులు జేబుల్లో పెట్టుకుని వీధిలోకి నడిచింది. మందుల షాపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. పనేమీ లేదు. ఊరికే.

ఇంటికెళ్ళాక కోటు తీసి కొక్కేనికి తగిలిస్తుంటే, నడుం దగ్గర లోపల ఏదో దళసరిగా తగిలిందట ఆమెకు. నన్ను పిలిచి చూపించింది. నేను లైనింగు కింద వేళ్ళు పెట్టి కొలిచాను. పదవి మడత. నాలుగు వేళ్ళు కాదు, అరచెయ్యంతా పట్టింది.